రెండు పిన్నుల పనితనం

మొన్న శనివారం సాయంత్రం బెంజి సర్కిల్ దగ్గర కుడికి తిరగబోతూ ఇండికేటరు వేశాను. రోజూ నిదానంగా టిక్కు, టిక్కు అని కొట్టుకునేది ఆ పూట టిక్‌టిక్‌టిక్ అంటూ పరుగు లంకించుకుంది. పక్క సీట్లో ఉన్న మా అమ్మాయి, "అదేంటి నాన్నా, అంత కంగారుగా కొట్టుకుంటోంది?" అంది. కుడివైపు ఏదో ఒక బల్బు పోయిందని చెప్పాను. "దిగి చూడకుండానే ఎలా తెలిసింది నీకు?" అని వెంటనే రెండో ప్రశ్న.

తెలిసింది నాకు కాదు, కారుకు. ఇండికేటరు మీట వేసినప్పుడు ఆ వైపున ముందొకటి, వెనకొకటి 21 వాట్ల బల్బులు రెండు వెలుగుతాయి. చాలా కార్లకు ముందు చక్రం పైన రేకు మీద 5 వాట్ల బుల్లి దీపం ఇంకొకటి ఉంటుంది. అన్నీ కలిపి 47 వాట్లు. ఈ మూడింటికీ వెళ్ళే కరెంటు, వాటిని వెలిగించి ఆర్పే ఫ్లాషరు లోపల ఉన్న ఒక చిన్న నిరోధం గుండా పోవాలి. ఎంత కరెంటు పోతోందో అక్కడ పుట్టే అతి చిన్న వోల్టేజీని బట్టి ఫ్లాషరు కనిపెడుతూ ఉంటుంది. ఒక పెద్ద బల్బు పోయిందంటే కరెంటు ఒక్కసారిగా దాదాపు సగానికి పడిపోతుంది. అప్పుడది కొట్టుకునే వేగాన్ని సుమారు రెట్టింపు చేస్తుంది. స్టీరింగు వెనక కూర్చున్నవాడికి తన కారు ముందు దీపం కనిపించదు గనక, కంటికి అందని కబురును చెవికి చేరవేసే ఏర్పాటు ఇది. పాత కార్లలో ఫ్లాషరంటే కరెంటు వేడికి వంగే లోహపు పట్టీ. బల్బు పోతే వేడి తగ్గి దాని తాళం తానే తప్పేది. ఆ తాళం తప్పడం యంత్రం బలహీనత. కొత్త ఫ్లాషరు చేసినవాళ్ళు ఆ బలహీనతను తీసుకుని, కావాలని పెట్టిన హెచ్చరికగా మార్చారు. మోజుపడి మామూలు బల్బుల స్థానంలో ఎల్‌ఈడీ బల్బులు పెట్టించుకున్న కార్లు కూడా ఇలాగే గబగబా కొట్టుకుంటాయి. ఎల్‌ఈడీ తాగే కరెంటు కొంచెం కావడంతో, ఫ్లాషరు దాన్ని పోయిన బల్బు కిందే లెక్కగడుతుంది.

ఇంటికొచ్చి, సెల్లారులో బండి నిలిపి, నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగే హజార్డు మీట నొక్కి చుట్టూ తిరిగి చూశాం. ముందు కుడివైపుదే చీకటిగా ఉంది. మా కారు వయసు పన్నెండేళ్ళు. ఇన్నాళ్ళలో ఈ పని నేనెప్పుడూ నా చేత్తో చేయలేదు.  ఆదివారం పొద్దున సొంతంగా చేద్దామని బోనెట్ ఎత్తాను. అరగంట పని. ఆ అరగంటలో నేను చూసిన పనితనం గురించే ఈ నాలుగు మాటలు.

హెడ్‌లైటు వీపుకూ బ్యాటరీకీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉంది. చెయ్యి దూరుతుంది, దాని వెంట చూపు దూరదు. అమ్మాయి ఫోను టార్చి పట్టుకుంది గాని, చెయ్యి లోపలికి వెళ్ళగానే ఆ చెయ్యే వెలుతురుకు అడ్డం. కరెంటు పోయిన రాత్రి మా అమ్మ వంటింటి గూట్లో చెయ్యి పెట్టి, ఉప్పు డబ్బాకూ చక్కెర డబ్బాకూ పక్కనే ఉన్న అగ్గిపెట్టెను తడబడకుండా తీసేది. అలా వేళ్ళతోనే చూడాల్సిన చోటు ఇది. తడిమితే ముందు దొరికింది వైర్ల కనెక్టరు. దాని అడుగున గుండ్రటి ప్లాస్టిక్ హోల్డరు. దాని అంచున రెండు చెవులు పైకి లేచి ఉన్నాయి, బొటనవేలికీ చూపుడువేలికీ సరిగ్గా పట్టు దొరికేంత. గడియారం ముల్లుకు ఎదురుగా ఎనిమిదో వంతు తిప్పానో లేదో, వేళ్ళ కింద ఏదో జారి వదులైంది. స్క్రూ లేదు, స్పానరు లేదు. హోల్డరు బల్బుతో సహా చేతిలోకి వచ్చేసింది.

దాన్ని వెలుతురులోకి తెచ్చి చూశాక నా ఆదివారం పొద్దంతా దానికే పోయింది.

హోల్డరు అంచున మూడు పళ్ళున్నాయి. చూపుకు మూడూ ఒకటే అనిపిస్తాయి. వేలితో రాస్తే మాత్రం ఒకటి మిగతా రెంటికన్నా వెడల్పని తెలుస్తుంది. హెడ్‌లైటు వెనక రంధ్రంలో కూడా మూడు గాళ్ళు, వాటిలోనూ ఒకటే వెడల్పు. అంటే ఇది ఒక్క తీరుగానే దూరుతుంది. పళ్ళ కింద నల్ల రబ్బరు వాషరు. హోల్డరు బిగిసే చివరి క్షణంలో ఈ రబ్బరు నలిగి, నీళ్ళకూ దుమ్ముకూ దారి మూసేస్తుంది. పన్నెండు వానాకాలాలు చూసిన కారు. బల్బు గూటిలో ఎక్కడా చిలుము లేదు. వేలితో నొక్కితే రబ్బరు ఇంకా మెత్తగా లోపలికి పోయి మళ్ళీ పొంగుతోంది. ఎండకు గట్టిపడి పగుళ్ళిచ్చే రబ్బరు ఎలా ఉంటుందో మన ఊళ్ళో ఏ ఇంటి కుళాయిని అడిగినా చెబుతుంది. ఆ రబ్బరు ఎంచినవాళ్ళు పని తెలిసినవాళ్ళు.

ఇక బల్బు. లోపలికి కాస్త నొక్కి, ఎడమకు తిప్పి వదిలితే అడుగునున్న స్ప్రింగు తానే బయటికి తోస్తుంది. మన ఇళ్ళలో పెరిగిన ఎవరికీ ఈ కదలిక నేర్పనక్కరలేదు. ఇంగ్లీషువాళ్ళ నుంచి మనకు వచ్చిన ఇంటి బల్బు కూడా పిన్నుల బల్బే. దాని మూతి 22 మిల్లీమీటర్లు, దీనిది 15. నొక్కి, తిప్పి, వదలడం. మొదట తుపాకి మొనకు కత్తి తగిలించడానికి వాడిన బిగింపు ఇది. దాని పేరు బయొనెట్, ఫ్రాన్సులోని బయోన్ అనే ఊరి పేరు మీద వచ్చిందంటారు. యుద్ధం కోసం పుట్టిన బిగింపు దీపాలకు ఇంత బాగా అమరడం నాకు సంతోషంగా అనిపిస్తుంది. మరచుట్టు బల్బును కుదుపులు వదులు చేయగలవు. దీన్ని మాత్రం స్ప్రింగు ఎప్పుడూ పైకి తోస్తూనే ఉంటుంది, పిన్నులు ఆ తోపుకు ఆని గాడిలో కూర్చుని ఉంటాయి. మన రోడ్ల మీద గుంటలో పడిన ప్రతిసారీ ఆ స్ప్రింగు బల్బును మళ్ళీ అదే చోట కూర్చోబెడుతుంది.

పోయిన బల్బును కిటికీకి ఎదురు పెట్టి చూశాను. నారింజ రంగు గాజు లోపల సన్నని టంగ్‌స్టన్ చుట్ట. ఒక చివర తెగింది. తెగిన కొన దగ్గర ఆవగింజలో పదోవంతు కూడా లేని గుండ్రటి బొట్టు. అది కరిగి ముద్దయిన టంగ్‌స్టన్. ఆ లోహం కరగాలంటే 3,422 డిగ్రీల సెల్సియస్ కావాలి. లోహాలన్నిటిలోనూ ఎక్కువ ఇదే. మామూలుగా వెలిగేటప్పుడు ఫిలమెంటు రెండున్నర వేల డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం వేడెక్కినప్పటి దాంట్లో పదోవంతు కూడా ఉండదు. అందుకే వెలిగిన ప్రతిసారీ మొదటి క్షణంలో కరెంటు వరదలా వచ్చి పడుతుంది. హెడ్‌లైటు సాయంత్రం ఒకసారి ఆ దెబ్బ తింటుంది. ఇండికేటరు బల్బు ఒక్క ఎర్రలైటు దగ్గర ఒకటిన్నర నిమిషం ఆగేసరికి 120 సార్లు తింటుంది. తింటూ పన్నెండేళ్ళు బతికిందంటే, ఆ తీగను తయారుచేసినవాళ్ళకు దణ్ణం పెట్టాలి.

ఆ తీగ కథ కూడా చిన్నది కాదు. టంగ్‌స్టన్ పుట్టుకతో పెళుసు. వంచబోతే విరిగేది. 1910 ప్రాంతంలో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో విలియం కూలిడ్జ్ దాన్ని వేడి మీద కొట్టి, లాగి, వజ్రపు అచ్చుల్లోంచి సన్నగా తీసే పద్ధతి సాధించాడు. మన కంసాలి వెండి తీగను కమ్మచ్చులోంచి లాగినట్టే, కాకపోతే అక్కడ అచ్చు వజ్రానిది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు టంగ్‌స్టన్‌లో లేశమాత్రం పొటాషియం కలపడం కనిపెట్టారు. అది లోహం లోపల కంటికి కనిపించని బుడగలుగా నిలబడి, తెల్లగా కాగినప్పుడు కూడా తీగ చుట్ట జారి సాగిపోకుండా ఆపుతుంది. అది లేకపోతే ఈ బల్బు ఇన్నేళ్ళు గుంటల్లో ఎగిరి పడుతూ ఉండగలిగేది కాదు.

ఇక్కడ పక్కకు వెళ్ళి ఒక్క మాట. ప్రమాదాలు జరిగినప్పుడు, డ్రైవరు ఇండికేటరు వేశాడా లేదా అన్న తగాదాకు ఈ తీగే సాక్ష్యం చెప్పగలదు. బల్బు ఆరి ఉండగా గుద్దుకుంటే చల్లటి తీగ పుటుక్కున తెగుతుంది, తెగిన చోటు పదునుగా ఉంటుంది. వెలిగి ఉండగా గుద్దుకుంటే మెత్తబడిన చుట్ట సాగి, వంకరలు తిరిగి, అలాగే గట్టిపడుతుంది. ప్రమాదాలను పరిశోధించేవాళ్ళు అద్దాల కింద పెట్టి చూసేది ఇదే.

ఫిలమెంటుకు కరెంటు తెచ్చే కడ్డీలు గాజులో పాతుకున్న చోట చిన్న ముక్క ఇటుక రంగులో మెరుస్తోంది. మొదట మురికేమో అనుకుని గోటితో గీకాను. అది గాజు లోపలిది. గాజూ లోహమూ వేడికి ఒకే కొలతలో వ్యాకోచించకపోతే ఆ అతుకు దగ్గర పగులు వచ్చి గాలి దూరుతుంది. గాలి దూరిందా, టంగ్‌స్టన్ భగ్గున మాడిపోతుంది. తొలినాటి బల్బుల్లో ఈ అతుకు కోసం ప్లాటినం వాడేవారు, దాని వ్యాకోచం గాజుకు దగ్గర గనక. బంగారంతో పోల్చదగ్గ ఖరీదు పెట్టి బల్బులు ఎన్ని చేస్తారు? నికెలూ ఇనుమూ కలిపిన కడ్డీకి రాగి తొడుగు వేసిన తీగ దాని స్థానంలోకి వచ్చింది. దాని పేరు డ్యూమెట్. లోపలి కడ్డీ తక్కువ సాగుతుంది, పైనున్న రాగి ఎక్కువ సాగుతుంది, రెండూ కలిసి గాజుతో రాజీపడతాయి. రాగి మీది ఆక్సైడు పొర గాజును అంటిపెట్టుకుంటుంది. నేను గీకిన ఇటుక రంగు అదే. యాభై రూపాయల లోపు దొరికే వస్తువులో, ఎవరూ చూడని చోట, ఇంత ఆలోచన ఉంది.

బల్బు కొనడానికి ఆటోనగర్ వెళ్ళాను. లారీ బాడీలు కట్టే సుత్తి మోతలు దాటి లోపలికి వెళితే, వరసగా స్పేర్ పార్ట్స్ షాపులు. కౌంటరు దగ్గరున్న పెద్దాయన, "ఏ బల్బండీ, ప్లెయినా, కలరా?" అన్నాడు. పాత బల్బు చేతిలో పెట్టాను. గాజు వైపు ఆయన చూడనే లేదు. మూతిని రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని బొటనవేలితో పిన్నుల మీద రాశాడు. "ఇది పిన్ను తేడా ఉన్నదండీ," అని వెనక అర వైపు తిరిగి, చూడకుండానే ఒక పెట్టె లాగాడు.

తేడా ఏమిటో చూపించమని అడిగితే విసుక్కోలేదు. మూడు బల్బులు కౌంటరు మీద వరసగా నిలబెట్టాడు. మొదటిది తెల్ల గాజుది, వెనక లైట్లలో వాడేది. దాని పిన్నులు ఎదురెదురుగా, 180 డిగ్రీల దూరంలో ఉన్నాయి. రెండోది బ్రేకుకూ పార్కింగుకూ కలిపి రెండు ఫిలమెంట్లున్నది. దాని పిన్నులూ ఎదురెదురే, అయితే ఒకటి పైకి, ఒకటి కిందికి. మూడోది నాది, నారింజ గాజుది. దాని పిన్నులు ఒకే ఎత్తులో ఉన్నా సరిగ్గా ఎదురెదురు కావు, 150 డిగ్రీలు. పేర్లు కూడా మూతి మీద పొడిచి ఉన్నాయి. తెల్లదాని మీద పి21డబ్ల్యు. నాదాని మీద మధ్యలో ఒక వై చేరి పివై21డబ్ల్యు. వై అంటే పసుపు, 21 అంటే వాట్లు.

ఈ 30 డిగ్రీల తేడా ఎందుకో ఇంటికి వచ్చే దారంతా ఆలోచించాను. ఈ రోజుల్లో హెడ్‌లైటు అద్దం చాలా కార్లకు తెల్లగా, పారదర్శకంగా ఉంటుంది. పాత కార్లలోలాగా నారింజ రంగు గాజు పలక ముందు ఉండదు. రంగు మొత్తం బల్బుదే. తొందరలోనో చీకట్లోనో ఎవరైనా తెల్ల బల్బు పెట్టేస్తే, ఎదుటివాడికి తెల్ల దీపం మినుకుమినుకుమంటుంది. పక్కనే మండుతున్న హెడ్‌లైటు వెలుగులో అది కలిసిపోతుంది. మనం తిరుగుతున్నామో, లైటు డిమ్ము చేస్తున్నామో అతనికి తెలియదు. అమెరికాలో ముందు ఇండికేటర్లు తెల్లగానే ఉండేవి. 1963 మోడళ్ళ నుంచి నారింజకు మారాయి. ఆ రంగు తప్పకుండా ఉండాలంటే ఏం చేయాలి? డబ్బా మీద హెచ్చరిక రాయవచ్చు, పుస్తకంలో ఎర్రక్షరాలు వేయవచ్చు. పిన్నును పక్కకు జరిపినవాళ్ళు రాతను నమ్ముకోలేదు. తప్పు బల్బు అసలు దూరదు. చదువు రానివాడి చేతిలో, చీకట్లో, వానలో, నాలాంటి కొత్తవాడి చేతిలో కూడా దూరదు.

పరీక్షించాలనిపించింది. ఆ పెద్దాయన దగ్గర తెల్ల బల్బు కూడా ఒకటి కొన్నాను. సెల్లారులో కూర్చుని దాన్ని నా హోల్డరులో పెట్టబోయాను. ఒక పిన్ను గాడిలో పడుతుంది, రెండోది అంచు మీద ఆగిపోతుంది. ఎలా తిప్పినా అంతే. అమ్మాయి తీసుకుని కళ్ళు మూసుకుని ప్రయత్నించింది. "పోదు నాన్నా," అంది. తర్వాత నారింజ బల్బు ఇచ్చాను, కళ్ళు మూసుకునే ఉండమన్నాను. మూతిని గూటి మీద ఆనించి నెమ్మదిగా తిప్పుతూ పోయింది. ఒకచోట రెండు పిన్నులూ ఒకేసారి దిగాయి. నొక్కింది, కుడికి తిప్పింది, వదిలింది. స్ప్రింగు వెనక్కి తోసి పట్టుకుంది. "పడింది," అని కళ్ళు తెరిచింది.

ఆ పిన్నులు చేసే పని అక్కడితో ఆగదు. బల్బు కొలతలన్నీ పిన్నుల నుంచే మొదలవుతాయి. పిన్నులు కూర్చునే తలం నుంచి ఫిలమెంటు నడిమికి 31.8 మిల్లీమీటర్లు ఉండాలని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 37వది చెబుతుంది. హెడ్‌లైటు లోపలి అద్దపు గిన్నె ఆ ఒక్క బిందువును నమ్ముకుని వంపులు తిరిగింది. ఫిలమెంటు అక్కడ ఉంటేనే వెలుగు ఎదుటి బండివాడి కంటికి, పక్కన నడిచేవాడి కంటికి సరైన పాళ్ళలో పంచబడుతుంది. గాజు బుడ్డి కొంచెం పొడుగైనా పొట్టైనా ఫరవాలేదు, మూతి అడుగున టాంకం బొట్టు కాస్త లావైనా స్ప్రింగు సర్దుకుంటుంది. పిన్ను నుంచి తీగ దాకా ఉన్న దూరం మాత్రం తప్పకూడదు. పట్టుకోవడం, చోటు చూపడం, తప్పుడు బల్బును గుమ్మం దగ్గరే ఆపడం, ఈ మూడు పనులూ బియ్యపు గింజలో సగం కూడా లేని రెండు ఇత్తడి మొటిమలవి. ఎక్కడో ఏ ఊళ్ళోనో ఎవరు తయారుచేసిన బల్బైనా, ఇంకెక్కడో తయారైన గిన్నెలో సరిగ్గా ఆ బిందువు దగ్గరే వెలుగుతుంది. వాళ్ళిద్దరూ ఎన్నడూ కలుసుకోనక్కరలేదు.

రంగు గురించి కూడా చెప్పాలి. తెల్ల బల్బు 13.5 వోల్టుల దగ్గర 460 ల్యూమెన్ల వెలుగిస్తే, అదే ఫిలమెంటున్న నారింజ బల్బుకు కొలత 280. మిగతాది ఆ రంగు మింగేస్తుంది. పాత బల్బు మీద రంగు ఒకచోట పెచ్చులూడి తెల్ల మచ్చ పడింది. అది పైపూత అన్నమాట. వెలిగిన ప్రతిసారీ వేడెక్కి, చల్లారి, పట్టు వదిలింది. ఈ బల్బు మొత్తంలో నాకు నచ్చని పని ఇదొక్కటే. గాజు లోపలి తీగ పన్నెండేళ్ళు నిలబడితే పైనున్న రంగు అంతకంటే ముందే లొంగిపోయింది. ఎడమవైపు బల్బు కూడా తీసి చూస్తే దాని పూత కూడా అంచుల్లో లేస్తోంది. అందుకే వెలుగుతున్నా దాన్ని కూడా మార్చేశాను. రెండు వైపులా ఒకే రంగు, ఒకే వెలుగు ఉండాలి కదా.

బిగించే ముందు కొత్త బల్బును మెత్తటి గుడ్డతో తుడిచాను. హెడ్‌లైటు హాలొజెన్ బల్బుకైతే వేలి జిడ్డు నిజంగానే ప్రమాదం. దీనికి అంత పట్టింపు లేదు, కానీ తుడవడంలో పోయేదేమీ లేదు. గూటి లోపల ఇత్తడి రేకును పొడి గుడ్డ చుట్టిన పెన్సిలుతో ఒకసారి రుద్దాను. హోల్డరును మళ్ళీ ఆ చీకటి సందులోకి పంపి, వెడల్పు పన్ను ఎక్కడ దిగుతుందోనని తిప్పుతూ వెతికాను. దిగింది. చెవులు పట్టుకుని కుడికి ఎనిమిదో వంతు తిప్పాను. రబ్బరు నలుగుతున్నట్టు వేళ్ళకు తెలిసింది, తర్వాత ఒక చిన్న ఆగుడు. ఇంకా తిప్పాలా వద్దా అన్న సందేహానికి చోటివ్వని ఆగుడు.

అమ్మాయి లోపల కూర్చుని మీట వేసింది. కారు ముందు నిలబడి చూశాను. సెల్లారు గోడ మీద నారింజ వెలుగు పడి, పోయి, మళ్ళీ పడింది. నిబంధన ప్రకారం నిమిషానికి 60కి తగ్గకుండా, 120కి మించకుండా కొట్టుకోవాలని అమ్మాయికి అంతకుముందే చెప్పి ఉన్నాను. చేతి గడియారం చూసుకుంటూ లెక్కపెట్టింది. "ఎనభై నాలుగు," అని అద్దం దించి అరిచింది. "ఎడమవైపు కూడా లెక్కపెట్టనా?"